క్రిస్టీన్ ద పిజాన్: స్త్రీల కోసం నగరం కట్టినావిడ భర్తను ఓర్చుకోమని ఎందుకు రాసింది?

ప్రశ్న: క్రిస్టీన్‌ను యూరప్‌లో తొలి స్త్రీవాద రచయిత్రి అంటారు. ‘స్త్రీల నగరం’ చదువుకుంటూ చివరికొస్తే, భర్త చెడ్డవాడైనా ఓపిక పట్టమని ఉంది. ఇందులో ఏది ఆమె అసలు అభిప్రాయం? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

రెండూ ఆమె అసలు అభిప్రాయాలే. ‘స్త్రీల నగరం’ ఒక్కటే చదివి ఆపేస్తే అవి రెండూ అతకవు. 1405లో దాని వెంటనే రాసిన ‘మూడు సద్గుణాల పుస్తకం’ కూడా పక్కన పెట్టుకోవాలి. మొదటిది వాదన, రెండోది ఆచరణ. పేరంతా మొదటిదానికే వచ్చింది. రెండోదాన్ని ఆడవాళ్లకు మర్యాదలు నేర్పే పుస్తకమని పక్కన పెట్టేస్తారు గానీ, ఆమె బుర్ర ఎలా పనిచేసేదో నాకైతే అందులోనే బాగా కనిపిస్తుంది.

ముందు ఆమె బతుకు గురించి నాలుగు మాటలు చెప్పాలి, సలహాల మూలం అక్కడుంది. క్రిస్టీన్ 1364లో వెనిస్‌లో పుట్టింది. తండ్రి ఫ్రాన్స్ రాజు ఐదో చార్లెస్ కొలువులో వైద్యుడు, జ్యోతిష్కుడు. పదిహేనో ఏట రాజ కార్యదర్శి ఎతియెన్ దు కాస్తెల్‌తో పెళ్లయింది. ఆమెకు ఇరవై ఐదేళ్లు వచ్చేసరికి అతను అంటురోగంతో పోయాడు. ముగ్గురు పిల్లలు, కన్నతల్లి ఆమె మీద పడ్డారు. అతనికి రావలసిన బాకీల కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. తన కథ చెప్పుకున్న మరో పుస్తకంలో, మగవాళ్లు తమ లావాదేవీలు భార్యలకు పూర్తిగా చెప్పరని, అది మామూలు అలవాటేనని, దానివల్లే తర్వాత చేటు వస్తుందని రాసింది. ఆ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఆమె సలహాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

ఇక ‘నగరం’ సంగతి. ఆడవాళ్లను తిట్టిపోసే మాతియోలస్ పుస్తకం చదివి ఆమె కుంగిపోయి కూర్చుంటుంది. వివేకం, ఋజుత్వం, న్యాయం అనే ముగ్గురు దేవేరులు వస్తారు. ఒకరి చేతిలో అద్దం, ఒకరి చేతిలో కొలబద్ద, మూడో ఆమె చేతిలో బంగారు కొలపాత్ర. మొదటి భాగంలో పునాదులు, గోడలు లేస్తాయి. రెండో భాగంలో ఇళ్లు కట్టి జనాన్ని నింపుతారు. మూడో భాగంలో మేరీమాత రాణిగా అడుగుపెడుతుంది, వెంట పునీతులైన స్త్రీలు వస్తారు. ముడిసరుకు చాలావరకు ఇటలీ రచయిత బొకాచియో లాటిన్‌లో రాసిన 106 మంది స్త్రీల జీవితాల నుంచి తెచ్చుకున్నదే. కాబట్టి ఏం తెచ్చుకుందన్నది కాదు, ఏం మార్చిందన్నది చూడాలి.

సెమిరామిస్ రాణినే తీసుకోండి. బొకాచియో ఆమె పరాక్రమాన్ని పొగిడి, చివర్లో కొడుకుతో సంబంధం పెట్టుకుందని మొత్తం మీద మసి పూస్తాడు. క్రిస్టీన్ ఆ సంగతి దాచదు. ఆ కాలానికి రాతపూర్వక ధర్మం లేదు, అది తప్పని తెలిసుంటే అంత గౌరవం గల మనిషి ఆ పని చేసేదే కాదు అని వాదించి, నగరం పునాదిలో మొట్టమొదటి రాయిగా ఆమెనే వేస్తుంది. చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. దీన్ని చరిత్ర పుస్తకంలా చదివి తప్పులు పడతారు. ఇది వకీలు వాదన. ప్రతి కథా ఎదుటివాడి ఏదో ఒక ఆరోపణకు జవాబుగా పెట్టిందే. అధ్యాయం మొదట్లో ఆ ఆరోపణ ఏమిటో గుర్తుపట్టకపోతే కథ ఊరికే పురాణంలా సాగిపోతుంది.

ఆమె వాదనకు వెన్నెముక ఎక్కడుందంటే, సామర్థ్యాన్నీ పాత్రనీ విడదీయడంలో. కొడుకుల్లాగే కూతుళ్లనూ బడికి పంపే ఆచారం ఉంటే వాళ్లూ అన్ని శాస్త్రాలూ అంత బాగానే నేర్చుకుంటారని మొదటి భాగం 27వ అధ్యాయంలో తేల్చేస్తుంది. అదే భాగం 11వ అధ్యాయంలో మాత్రం, ఆడవాళ్లు కోర్టుల్లో ఎందుకు వాదించరంటే దేవుడు ఎవరి పని వాళ్లకు పంచాడని, తీర్పు అమలు చేయించే దేహబలం మగవాళ్లకిచ్చాడని చెబుతుంది. తెలివి చాలక కాదని అక్కడే అడ్డుకట్ట కూడా వేస్తుంది. తెలివి సమానం, కొలువు వేరు. మనకిది సగం మాటలా అనిపిస్తుంది. 1405లో మొదటి సగం అనడానికే గుండె కావాలి.

మరి ఓపిక మాట? అది ఆడవాళ్ల కష్టం తెలియక రాసింది కాదు. రెండో భాగం 13వ అధ్యాయం చూడండి. ఇంటినిండా పిల్లలతో ఆకలికి అలమటించే భార్యలు, ఊరంతా తిరిగి తాగి వచ్చే భర్తలు, రాత్రి భోజనానికి బదులు దెబ్బలు. అన్నీ ఒక్కొక్కటిగా చెబుతుంది. చర్చి చట్టంలో విడాకులు లేవు. ఇల్లు వదిలిన ఆడదానికి పరువు పోతే దాంతోపాటు నిలవనీడ కూడా పోతుంది. ఆ లెక్కలోంచి వచ్చిన సలహా అది. పరలోక పుణ్యం కూడా కలిపి చెబుతుంది, అది ఆమె నిజంగా నమ్మిందే, పైపూత కాదు. నాకు ఆ సలహా రుచించదు. కానీ మగాడు గొప్పవాడు కాబట్టి భరించు అని ఆమె ఎక్కడా అనలేదు.

‘మూడు సద్గుణాలు’లో ఈ సద్గుణం అనే మాటకు ఒళ్లూ కాళ్లూ వస్తాయి. పుస్తకాన్ని అంకితం తీసుకున్నది యువరాజు భార్య మార్గరీత్, పట్టుమని పన్నెండేళ్లు లేని పిల్ల. రాణి తన రాబడిని ఐదు వాటాలు చేయాలి: దానధర్మాలకు ఒకటి, ఇంటి ఖర్చుకు ఒకటి, కొలువువాళ్ల జీతాలకు ఒకటి, బయటివాళ్లకిచ్చే బహుమానాలకు ఒకటి, చివరిది నగలకు, బట్టలకు. వాటా తేలాక చీటికి మాటికి అప్పు చేయనక్కర్లేదు. భర్త యుద్ధానికో రాజధానికో పోయినప్పుడు జమీందారు భార్య భూమి చట్టాలు తెలుసుకుని ఉండాలి. కోట మీదికి శత్రువు వస్తే సిపాయిలకు ఆజ్ఞలివ్వగలగాలి. ఏ నేల ఎప్పుడు దున్నాలో కూడా తెలియాలి, లేకపోతే పనివాళ్లు మోసం చేస్తారు. చేతిపనివాడి భార్య ఆ పని లోతుపాతులు నేర్చుకోవాలి, నష్టం వచ్చే బేరం ఒప్పుకోకుండా భర్తను ఆపాలి, ఎవరికిస్తున్నాడో సరిగా తెలియకుండా అప్పు మీద సరుకు ఇవ్వనివ్వకూడదు.

విధవరాలికి చెప్పిన మాటలు సొంత దెబ్బలు తిన్నావిడ మాటలు. దావాకు వెళ్లకుండా ఉండగలిగితే ఉండు, రాజీకి వీలుంటే రాజీ పడు. తప్పదంటే మూడు కావాలి: చట్టం తెలిసిన పెద్దల సలహా, వెంటపడి తిరిగే ఓపిక, చేతిలో సరిపడా డబ్బు. ఒక్కటి తక్కువైనా కేసు పోయినట్టే. వేశ్యలకు కూడా ఒక అధ్యాయముంది. ‘బయటికొస్తే ఎలా బతకాలి’ అని వాళ్లే అడిగినట్టు పెట్టి, పెద్ద ఇళ్లలో బట్టలుతకొచ్చు, నూలు వడకొచ్చు, బాలింతలకు, రోగులకు సేవ చేయొచ్చు, మంచివాళ్లున్న వీధిలో చిన్న గది తీసుకో అని దారి చెబుతుంది. తిట్టి వదిలేయలేదు.

ఆమె పరిధీ ఈ పుస్తకంలోనే కనపడుతుంది. ఎవరి అంతస్తుకు తగ్గ బట్ట వాళ్లు కట్టాలంటుంది. రైతుకూలీ భార్యకు చెప్పేది, దొర పొలంలో నీ మొగుడు నిజాయితీగా పని చేసేలా చూడు అని. దొరకు ఇంతకన్నా ఏం కావాలి!

అసలు ప్రశ్నలో రెండో సగం: మొత్తం వరసగా చదవొద్దు, మూడో భాగంలో పునీతుల చిత్రహింసల కథల దగ్గర విసుగొస్తుంది. ‘నగరం’ మొదటి భాగం తొలి అధ్యాయాలు, తర్వాత 11, 27. రెండో భాగంలో 13, 36, 44 (ఆడవాళ్లు బలాత్కారం కోరుకుంటారన్న మాటకు జవాబు 44లో ఉంది). మూడో భాగంలో చివరి అధ్యాయం. వెంటనే ‘మూడు సద్గుణాలు’ మూడో భాగం. ఇంగ్లీషులో అయితే ‘నగరం’కు రోజలిండ్ బ్రౌన్-గ్రాంట్ (1999), రెండోదానికి సారా లాసన్ (1985) అనువాదాలు దొరుకుతాయి. చివర్లో 1429 జులై 31 తేదీతో జోన్ ఆఫ్ ఆర్క్ మీద రాసిన 61 చరణాల పద్యం చదవండి. ‘కొలువు వేరు’ అన్న మనిషి, కవచం తొడిగి సైన్యం నడిపిన పిల్లను ఎలా సమర్థించిందో అక్కడ తెలుస్తుంది: ఈసారి పని పంచింది నేరుగా దేవుడే అంటుంది.