కేసు తేలేదాకా ఆ పిల్ల హోమ్‌లోనే ఉండాలా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది హైదరాబాద్. టీచర్‌గా రిటైరయ్యాను. వారానికి రెండు రోజులు ఒక ఆడపిల్లల హోమ్‌కి వెళ్లి కుట్టుపని నేర్పుతుంటాను. అక్కడ బంగ్లాదేశ్ అమ్మాయి ఒకతె ఉంది. పదహారేళ్లు ఉంటాయేమో. బ్యూటీ పార్లర్‌లో పని ఇప్పిస్తామని తీసుకొచ్చి వ్యభిచారంలోకి దింపారట. పోలీసులు కాపాడి పదకొండు నెలలైంది. అమ్మ దగ్గరికి పంపమని నన్ను చూసినప్పుడల్లా ఏడుస్తుంది. కేసు తేలేదాకా పంపడం కుదరదని ఒకరంటారు. పాస్‌పోర్టు లేకుండా వచ్చింది కాబట్టి పిల్ల మీదే కేసు పెడతారని ఇంకొకరు భయపెడుతున్నారు. ఈమధ్య మేనమామనంటూ ఒకతను కోల్‌కతా వైపు నుంచి ఫోన్లు చేస్తున్నాడు. ‘మీరు రైలెక్కించండి చాలు, బోర్డర్ నేను దాటిస్తా’ అంటున్నాడు. హోమ్‌వాళ్లు కూడా విసిగిపోయి సరే అనేలా ఉన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ రైలు సంగతి. ఎక్కించకండి. హోమ్‌వాళ్లు సరేనన్నా మీరు ఒప్పుకోకండి. ఆ పిల్ల హోమ్‌లో ఉంటున్నది బాలల సంక్షేమ సమితి, అంటే మనం సీడబ్ల్యూసీ అనే కమిటీ, ఇచ్చిన ఉత్తర్వు మీద. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం పిల్లని ఎవరి చేతికి అప్పగించాలో, వాళ్లు అందుకు తగినవాళ్లేనా అన్నది తేల్చాల్సింది ఆ కమిటీయే. హోమ్ సూపరింటెండెంట్‌కి ఆ అధికారం లేదు. ఉత్తర్వు లేకుండా పంపేస్తే, రేపు పిల్లకి ఏదైనా అయినప్పుడు హోమ్‌వాళ్లే కేసులో ఇరుక్కుంటారు.

పైగా ఆ మేనమామకి మీ హోమ్ నంబరు ఎవరిచ్చారు? పిల్లే ఇచ్చి ఉంటే సరే. లేకపోతే ఆ నంబరు దళారీల చేతుల మీదుగా వెళ్లి ఉండొచ్చు. ఇలాంటి కేసుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు తీసుకెళ్లేది తక్కువ. మొదటి మెట్టు దగ్గర ఎప్పుడూ ఒక పిన్నో, పక్కింటి అక్కో, అన్నకి స్నేహితుడో ఉంటాడు. అతను ఫోన్ చేసిన తేదీలు, నంబరు ఒక కాగితం మీద రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి, కాపీ సీడబ్ల్యూసీకి ఇవ్వండి. నిజంగా మేనమామే అయితే అతనికి పోయేదేమీ లేదు. అక్కడి అధికారులు విచారణకి ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతే చెప్తాడు.

ఇక పాస్‌పోర్టు భయం. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. పత్రాలు లేకుండా దేశంలోకి రావడం రెండు చట్టాల్లోనూ నేరమే. కానీ రావడం వేరు, ఎత్తుకురావడం వేరు. కేంద్ర హోంశాఖ 2012 మే 1న రాష్ట్రాలకి పంపిన సలహా పత్రంలో ఈ తేడా స్పష్టంగా ఉంది. ట్రాఫికింగ్‌కి, అంటే మనుషుల అక్రమ రవాణాకి, గురైన విదేశీ మహిళగానీ, పిల్లగానీ తన ఇష్టంతో రాలేదని దర్యాప్తులో తేలితే ఆమె మీద ఛార్జిషీటు వెయ్యక్కర్లేదనీ, ఇప్పటికే వేసి ఉంటే వెనక్కి తీసుకోవాలనీ అందులో చెప్పారు. ‘పార్లర్ పని అంటే ఇష్టపడే వచ్చింది కదా’ అని ముద్దాయిల లాయరు తప్పకుండా అంటాడు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ఆ వాదనకి తావివ్వదు. ట్రాఫికింగ్‌లో బాధితురాలి సమ్మతికి విలువ లేదని అందులోనే రాసి ఉంది. పిల్లల్ని అలా రవాణా చేస్తే పదేళ్లకి తగ్గకుండా జీవితఖైదు దాకా శిక్ష. ఒకవేళ ఎవరైనా పట్టుబట్టి ఆమె మీద కేసు పెట్టినా, పద్దెనిమిది నిండని పిల్లని లాకప్‌లోగానీ జైల్లోగానీ పెట్టడానికి వీల్లేదు.

అందుకే వయసు ముఖ్యం. దళారీలు ఈ పిల్లలకి కొత్త పేరు పెట్టి, ఇరవై రెండేళ్లని ఆధార్ కార్డు చేయించి ఇస్తుంటారు. ఆ కార్డు చూపించి మేజర్ అనేస్తే ఒప్పుకోవద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు స్కూలు సర్టిఫికెట్ చూడాలి. లేకపోతే జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబరులో చెప్పింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. కేసు తేలేదాకా ఆపాలని ఏ చట్టంలోనూ లేదు. కోర్టుకి కావలసింది ఆమె సాక్ష్యం. అది రికార్డయ్యాక తీర్పు వచ్చేదాకా పిల్లని ప్రాపర్టీ రూములో పెట్టిన వస్తువులా దాచి ఉంచాల్సిన పని లేదు. మైనర్ కాబట్టి ఈ కేసులో పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, సెక్షన్లు కూడా ఉండాలి. లేకపోతే ఎందుకు లేవని అడగండి. పోక్సో చట్టం 35వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు కేసుని విచారణకి స్వీకరించిన ముప్పై రోజుల్లోపు పిల్ల సాక్ష్యం నమోదు చెయ్యాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. మీకు పదకొండు నెలలైందంటే రెండే సంగతులు: ఇంకా ఛార్జిషీటు పడకపోవడం, లేదా ఎవరూ అడక్కపోవడం. ఎక్కువగా జరిగేది రెండోదే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా ఒక పిటిషన్ వేయించి, ‘పిల్ల స్వదేశం వెళ్లాల్సి ఉంది, సాక్ష్యం ముందుగా రికార్డు చెయ్యండి’ అని కోరాలి. బెంగాలీ తెలిసిన దుబాసీని ఇమ్మని అందులోనే అడగాలి. ఆ పిల్లకి హైదరాబాద్‌లో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలతో క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కోవడం ఎంత టెన్షనో కోర్టు హాల్లో చూస్తే తెలుస్తుంది. తర్వాత మళ్లీ అవసరమైతే వీడియో కాన్ఫరెన్స్ ఉంది. సాక్షి విదేశంలో ఉన్నా వీడియో ద్వారా విచారించవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అక్కడి మన ఎంబసీ లేదా హైకమిషన్ అధికారి దగ్గరుండి జరిపించే ఏర్పాటూ ఉంది.

సాక్ష్యం ఒకవైపు నడుస్తుండగానే రెండో ఫైలు కదలాలి. అది జాతీయత నిర్ధారణ. ఇళ్లకి వెళ్లాల్సిన పిల్లలు నెలల తరబడి ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. సీడబ్ల్యూసీ రాసిన వివరాలు రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ శాఖ, హోంశాఖల మీదుగా ఢిల్లీకి వెళ్లి, విదేశాంగ శాఖ ద్వారా బంగ్లాదేశ్ హైకమిషన్‌కి చేరతాయి. అక్కణ్ణుంచి ఢాకా, ఢాకా నుంచి ఆ ఊరి పోలీసులు. వాళ్లు ఇంటికెళ్లి, ‘అవును, మా పిల్లే’ అని తల్లిదండ్రులు చెప్తే రాసుకుని వచ్చిన దారినే జవాబు పంపుతారు. అప్పుడు హైకమిషన్ ట్రావెల్ పర్మిట్ ఇస్తుంది, మన విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు వెళ్లడానికి అనుమతి ఇస్తుంది. ఎక్కువమందిని పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దగ్గర అప్పగిస్తారు. గీతకి అవతల బెనాపోల్. ఇదంతా ఎవరి దయో కాదు. 2015 జూన్‌లో రెండు దేశాలూ ఢాకాలో ఒప్పందం రాసుకున్నాయి. ఆడవాళ్ల, పిల్లల రవాణాని అడ్డుకోవడం, కాపాడటం, స్వదేశానికి పంపడం, అక్కడ మళ్లీ కుటుంబంలో కలపడం, నాలుగూ దాని పేరులోనే ఉన్నాయి. ఈ పనికి టాస్క్‌ఫోర్స్‌లు కూడా ఉన్నాయి.

మరి ఎక్కడ ఆగుతుంది? నేను చూసిన ఒక ఫైలు చెప్తాను. పిల్లది సాత్‌ఖీరా జిల్లా. స్టేషన్‌లో విన్నది విన్నట్టు తెలుగులో ‘సతీకర’ అని రాశారు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చినవాళ్లు ఇంకో అక్షరం తిప్పారు. ఏడు నెలల తర్వాత అటునుంచి జవాబొచ్చింది: అలాంటి జిల్లా లేదు. మళ్లీ మొదటికి. రెండోసారి ఊరు దొరికింది, పిల్ల దొరకలేదు. కారణం పేరు. బెంగాలీలకి ఇంట్లో పిలిచే డాక్ నామ్ ఒకటి, బడిలో రాసే భాలో నామ్ ఒకటి ఉంటాయి. మన ఇళ్లలో బుజ్జి అని పిలిచి బడిలో వెంకటలక్ష్మి అని రాయించినట్టే. పిల్ల చెప్పింది ముద్దుపేరు, అక్కడి కాగితాల్లో ఉన్నది అసలు పేరు.

మీరు టీచరు కాబట్టి ఈ పని మీకే అప్పగిస్తున్నాను. ఒక నోట్‌బుక్ ఇచ్చి ఆ పిల్లనే బెంగాలీలో, తన చేత్తో రాయమనండి. తన రెండు పేర్లు, అమ్మానాన్నల పేర్లు, తోబుట్టువుల పేర్లు, గ్రామం, పోస్టాఫీసు, యూనియన్ (కొన్ని ఊళ్లు కలిసిన పంచాయతీ), ఉపజిల్లా (మన మండలం లాంటిది), జిల్లా. చదివిన బడి పేరు, దగ్గర్లో ఉన్న నది, సంత జరిగే చోటు. రాయడం రాకపోతే బెంగాలీ తెలిసిన మనిషిని పిలిపించండి. ఆ పేజీని సీడబ్ల్యూసీ ఫైల్లో పెట్టించి, రిపోర్టుతో పాటు అలాగే పైకి పంపమనండి. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో అడగడానికి మీకు హక్కు లేదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఒక అర్జీ ఇవ్వండి. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్‌లో ట్రాఫికింగ్ బాధితులకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని ఉంది. విదేశీయులకి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఆ లాయరు సీడబ్ల్యూసీ ముందు హాజరై ఫైలు గురించి అడుగుతాడు. అప్పటికీ కదలకపోతే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు.

డబ్బు సంగతి కూడా అడగండి, మొహమాటపడకండి. పోక్సో కోర్టు తీర్పుకి ముందే మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. విదేశీ పిల్లకి మన ప్రభుత్వం ఎందుకివ్వాలని ఒకాయన నన్నే అడిగాడు. హౌరా స్టేషన్‌కి చెందిన యాత్రీనివాస్‌లో అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళకి పది లక్షల పరిహారాన్ని 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాజ్యాంగం 21వ అధికరణం పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుందంది. చిక్కల్లా బ్యాంకు ఖాతా దగ్గర. ఆధార్ లేదు, ఖాతా లేదు. డబ్బు మంజూరయ్యేలోపు పిల్ల సరిహద్దు దాటేస్తుంది, డిపాజిట్ ఇక్కడే ఉండిపోతుంది. అందుకే పిటిషన్‌లోనే ఆ డబ్బు హైకమిషన్ ద్వారా ఎలా చేర్చాలో ఆదేశించమని అడగాలి.

తొందరపాటు గురించి ఒక మాట. మీ బాధ నాకు అర్థమైంది. కానీ అమ్మ కావాలని ఏడ్చే పిల్లకి ఇంట్లో అంతా బాగుందనుకోకండి. తనని మొదట ఎవరు పంపారు? అమ్మకి తెలిసే పంపారా? నాన్న అప్పు ఎవరికి ఉంది? పిల్లకి పరిచయం ఉన్న కౌన్సెలింగ్ చేసే మనిషి చేత, నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగించాలి. ఇంటి విచారణ అంటే అడ్రసు సరిచూడటమే కాదు. ఆ ఇంట్లో పిల్లకి భద్రత ఉందా, ఊళ్లో ఏమంటున్నారు, బడికి పంపుతారా, పెళ్లి చేసేస్తారా అన్న రిపోర్టు అవతలి సాంఘిక సంక్షేమ అధికారి నుంచో, అక్కడి స్వచ్ఛంద సంస్థ నుంచో రావాలని సీడబ్ల్యూసీని అడగండి. ఇల్లు క్షేమం కాదని తేలితే అవతల షెల్టర్‌లో చేర్పించవచ్చు. బంగ్లాదేశ్‌కి కూడా 2012లో చేసిన ట్రాఫికింగ్ చట్టం ఉంది. అక్కణ్ణుంచి పంపినవాళ్ల మీద ఆ చట్టం కింద అక్కడ కేసు పెట్టొచ్చు. ఇక్కడి ఎఫ్ఐఆర్, ఆమె వాంగ్మూలం కాపీలు అధికారిక మార్గంలో అటు వెళ్లకపోతే దళారీ మాత్రం ఊళ్లో దర్జాగా తిరుగుతుంటాడు, పిల్ల తలుపులేసుకుని కూర్చుంటుంది. 2019లో మన పహాడీషరీఫ్ స్టేషన్‌లో నమోదైన ఇలాంటి కేసు తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి వెళ్లింది. ఆ ఏడాది చట్ట సవరణ తర్వాత ట్రాఫికింగ్ కేసులు కూడా ఆ సంస్థ చూడొచ్చు.

ఇంకొకటి. మీరు ఆమె ఫొటోగానీ, పేరుగానీ, ఊరుగానీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ‘ఎవరికైనా తెలిస్తే చెప్పండి’ అని మంచి మనసుతో అయినా సరే. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుగానీ, రెండు లక్షల దాకా జరిమానాగానీ, రెండూగానీ పడొచ్చు. అంతకంటే ముందు ఆ ఫొటో ఆమె ఊరికి ఆమెకన్నా ముందే చేరుతుంది.

బయల్దేరే రోజు వచ్చాక మీరు కుట్టించిన సంచీ లోపలి అరలో ఒక చీటీ పెట్టండి. అందులో 1098 అని రాయండి. మన చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు అదే, బంగ్లాదేశ్‌లోనూ అదే. ఆ పిల్ల చేత రెండుసార్లు పైకి చెప్పించండి.