పక్క వాటాలో తాలింపు

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన దెయ్యం కథ అందింది. 14 పేజీలూ ఏకబిగిన చదివాను. భయమేసిందా అని అడిగావు. ఒక్కచోట వేసింది. అదెక్కడో చివర చెబుతాను. ఇప్పుడే చెబితే మిగతా ఉత్తరం చదవవు.

మొదటి పేజీలోనే తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు వచ్చేశాయి. అమావాస్య కూడా. పాపం, ఆ దెయ్యానికి రెండో పేజీలో చేయడానికి పనేం మిగిలింది? అరిచింది. మూడో పేజీలో ఇంకాస్త గట్టిగా అరిచింది.

సినిమాలు చూసి నేర్చుకున్నానన్నావు కాబట్టి ఆ దారినే వస్తాను. హాల్లో మనం సీట్లోంచి ఎగిరిపడేది చాలాసార్లు చప్పుడుకి. ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు వంటింట్లో పళ్లెం జారిపడినా అలాగే ఎగిరిపడతాం. అది ఉలికిపాటు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేసేసరికి దిగిపోతుంది. కాగితం మీద నీ దగ్గర ఆ పళ్లెం కూడా లేదు. ఆశ్చర్యార్థకాలు ఎన్ని పెట్టినా మోగదు. (ఒక్క పేజీలో 11 పెట్టావు, లెక్కపెట్టాను.)

కుబ్రిక్ 1980లో తీసిన ‘ది షైనింగ్’ చూశావు కదా. చలికాలానికి మూసేసిన పెద్ద హోటల్. అందులో మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ ఒక పిల్లాడు. కెమెరా వాడి వెనకే, నేలకి ఆనినట్టు వెళ్తుంది. చక్రాలు చెక్క నేల మీద ఉన్నంతసేపూ గరగరా మోత. తివాచీ మీదికి ఎక్కగానే ఏమీ లేదు. మళ్లీ చెక్క, మళ్లీ మోత. మళ్లీ తివాచీ. దెయ్యం లేదు, నెత్తురు లేదు. కానీ కాసేపటికి చెవి ఆ లయకి అలవాటుపడి, తర్వాతి తివాచీ కోసం కాచుకుని కూర్చుంటుంది. మలుపు అవతల ఏముందో అన్న అనుమానం అక్కడ మొలుస్తుంది. విత్తనం వేసింది దర్శకుడే, నీళ్లు పోసుకున్నది మాత్రం మనం. ఆ తర్వాత కనబడే అక్కాచెల్లెళ్ల కంటే నాకు ఆ తివాచీ మీది నిశ్శబ్దమే ఎక్కువ గుర్తు.

‘జాస్’ సంగతి ఇంకో రకం. 1975 నాటిది. స్పీల్‌బర్గ్ చేయించిన యంత్రపు సొరచేప సముద్రపు నీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. చేప లేకుండా చేప సినిమా తీయాల్సి వచ్చింది. దాంతో నీళ్ల మీద దూసుకొచ్చే పసుపు పీపాలు, రెండే స్వరాల సంగీతం చేప పని చేశాయి. గంట దాటితేగానీ అది సరిగ్గా కంటపడదు. యంత్రం బుద్ధిగా పనిచేసి ఉంటే జనం అంత జడుసుకునేవాళ్లా? నాకైతే నమ్మకం లేదు. నీ దెయ్యం కూడా కొన్నాళ్లు మొరాయిస్తే బాగుండును.

జుట్టు విరబోసుకోవడం తప్పని కాదు. 1998లో వచ్చిన జపాన్ సినిమా ‘రింగు’లో సడకో అనే దెయ్యానికీ ముఖం నిండా జుట్టే. కానీ అక్కడ నటిని వెనక్కి నడిపించి, ఆ రీలు తిరగేసి చూపించారు. చూసేవాడికి ఆ కిటుకు తెలీదు. మనిషి నడకే, అయినా అడుగులు ఎక్కడో తేడాగా పడుతున్నాయి. ఎక్కడా అంటే చెప్పలేం. ఆ చెప్పలేకపోవడమే ఇంటిదాకా వెంటవస్తుంది.

మనవాళ్లలో నా ఓటు 2003 నాటి ‘భూత్’కి. హిందీదే అయినా తీసింది రామ్‌గోపాల్ వర్మ. పాడుబడ్డ కోట లేదు, చింతచెట్టు లేదు, పాటలు లేవు. ముంబైలో ఎత్తయిన అపార్ట్‌మెంటు, అందులో కొత్తగా దిగిన మొగుడూ పెళ్లాలు, లిఫ్టు, వాచ్‌మన్. అది చూశాక కొన్నాళ్లు నేను ఒంటరిగా లిఫ్టెక్కలేదు. ‘అరుంధతి’ నాకూ ఇష్టమే, కానీ అందులో భయం కంటే వైభవం ఎక్కువ. అందుకే బనగానపల్లెలో ఆ సినిమా తీసిన బంగళా దగ్గరికి జనం సరదాగా వెళ్లి ఫోటోలు దిగి వస్తారు. లిఫ్టు అలా కాదు, రోజూ ఎక్కాలి.

ఇంకోటి. ‘మసూద’లో (2022) పక్కింటి తల్లీకూతుళ్లకి సాయం వచ్చే కుర్రాడు మనకంటే పిరికివాడు. వాడి గుండె దడ మనకి అంటుకుంటుంది. నీ హీరో దెయ్యం ఎదుటపడగానే ‘ఎవర్నువ్వు!’ అని గద్దిస్తాడు. వాడికే భయం లేకపోతే నాకెందుకు?

సినిమాలు పక్కనపెట్టు. తెలుగులో నన్ను అన్నిటికంటే భయపెట్టిన కథ నాలుగే మాటలు. ‘ఓ స్త్రీ రేపు రా.’ నా చిన్నప్పుడు మా వీధిలో తలుపుల మీద రాసుకునేవాళ్లు. రాత్రి ఒకావిడ వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందనీ, అది చదివి వెనక్కి పోయి మర్నాడు మళ్లీ వస్తుందనీ చెప్పుకునేవాళ్లు. మా తలుపు మీద సుద్దముక్కతో రాసింది నేనే. మా నాయనమ్మకి చదువు రాదు. ‘సరిగ్గా రాశావురా? తప్పు రాస్తే దానికి అర్థం కాదేమో’ అని రెండుసార్లు అడిగింది. రాత్రి వచ్చే ఆవిడకి ముఖం లేదు, చీర రంగు లేదు. చదువొచ్చు, చెప్పిన మాట వింటుంది, బోలెడు ఓపిక ఉంది. అంతే తెలుసు మాకు. వానాకాలంలో జల్లుకి సుద్ద చెరిగిపోతుందేమోనని పడుకునే ముందు లాంతరు పట్టుకెళ్లి చూసుకునేవాణ్ణి. చూడటానికి తలుపు తీయాలి మరి.

ఇక నీ 9వ పేజీ. ‘మూడు నెలలుగా తాళం వేసున్న పక్క వాటాలోంచి తాలింపు వాసన వచ్చింది’ అని రాశావు. రాసి, అక్కడే వదిలేసి మళ్లీ గజ్జెల దగ్గరికి పరిగెత్తావు! సినిమాకి చప్పుడుంది, వెలుగునీడలున్నాయి, వాసన లేదురా అబ్బాయ్. అది మన సొత్తు.

అలాగని ఆ వాక్యంతో కథ మొదలెట్టకు. ముందు ఆ వాటాలో కాపురమున్నదెవరో రాయి. ఆవిడ పప్పులో ఇంగువ వేసేదా, వెల్లుల్లి దంచి వేసేదా? గోడ ఇవతల కూరలు తరుగుతూనే అవతల ఏం వండుతున్నారో మీ అమ్మ ఎలా పసిగట్టేది? మూడు పేజీలు పట్టనీ. ఆ తర్వాత తాళం వేయించు. ఆ తర్వాత వాసన తెప్పించు. వండుతున్నదెవరో నువ్వు చెప్పకు, ఎవరిచేతా అడిగించకు. మీ అమ్మ మాత్రం తల ఎత్తకుండా, అలవాటు కొద్దీ, ‘ఇవాళ వెల్లుల్లి మాడ్చింది’ అని అననీ.

గజ్జెలు తీసేసి, తిరగరాసి పంపు. ఈసారి పగటిపూట పంపు. నిన్న నీ కథ చదివి పడుకున్నాక లేచి, మా పై వాటా తాళం వేసే ఉందో లేదో చూసొచ్చాను.

ఉంటాను.