చారిత్రక కల్పన ధారావాహికల్లో ప్రేమ సన్నివేశాలు మాటలు లేకుండానే ఎలా కట్టిపడేస్తాయి?

ఒంగోలులో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీయడం నా వృత్తి కాబట్టి కెమెరా వెనుక నిలబడేవాడిగానే జవాబు చెబుతాను. ప్రేమ సన్నివేశానికి బిగువు వచ్చేది నటీనటుల అందం వల్ల కాదు, ఆ ఇద్దరి మధ్య దర్శకుడు నిలిపిన అడ్డు వల్ల.

2016లో వచ్చిన 'మూన్ లవర్స్: స్కార్లెట్ హార్ట్ ర్యో' అనే కొరియా ధారావాహికనే తీసుకోండి. సూర్యగ్రహణం వేళ నీటమునిగిన నేటి కాలపు అమ్మాయి వెయ్యేళ్లు వెనక్కి వెళ్లి, గొర్యో రాజ్యంలో హే సూ అనే యువతిగా కళ్లు తెరుస్తుంది. అక్కడి నాలుగో రాకుమారుడు వాంగ్ సో, చిన్ననాడు కన్నతల్లి వల్లనే ముఖాన పడిన కత్తిగాటు కనబడకుండా సగం ముఖానికి తొడుగు పెట్టుకుని తిరుగుతుంటాడు. (949 నుంచి 975 వరకు ఏలిన గ్వాంగ్‌జోంగ్ రాజు ఇతడే; మచ్చ మాత్రం కల్పన.) వానల కోసం చేసే క్రతువు జరిపించే వంతు అతనికి వచ్చినప్పుడు, హే సూ ఆ తొడుగు తీయించి, రంగు కలిపి మచ్చ మీద అద్దుతుంది. ఇన్నాళ్లూ ఎవరినీ దగ్గరికి రానివ్వని ముఖాన్ని అతడు ఆమె చేతికి అప్పగించడం చూశాక, మనకు సంభాషణతో పని లేదు. టీవీ శబ్దం తీసేసి చూసినా ఆ ఘట్టం చెక్కు చెదరదు.

మన పెళ్లిలో అడ్డుతెర చేసే పని కూడా అదే. పొదిలి దగ్గర ఒక పల్లెలో, పెళ్లికూతురు జీలకర్ర బెల్లం పట్టిన చేతిని తెర మీదుగా చాపి పెళ్లికొడుకు తల ఎక్కడుందో తెలియక తడుముకుంటుంటే, అతడు అవతలి నుంచి మెల్లగా మెడ వంచి ఆ చేతి కిందికి తల తెచ్చాడు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు, నాకు మాత్రం ఇద్దరూ కనబడుతున్నారు. ఆల్బమ్ అట్ట మీదికి వాళ్లు అడిగి మరీ వేయించుకున్నది ఆ ఫొటోనే. ఇప్పుడేమో ముహూర్తానికి నెల ముందే కొత్తపట్నం సముద్రపొడ్డున అమ్మాయిని ఎత్తుకుని గిరగిరా తిప్పే ప్రీ వెడ్డింగ్ షూట్ తీయమంటున్నారు. తీసి డబ్బు తీసుకుంటున్నాను గానీ, ఆ తర్వాత అడ్డుతెర పట్టి దాచేది ఏముంటుందో పురోహితుడే చెప్పాలి. మన దినసరి ధారావాహికలదీ ఇదే ధోరణి. చెయ్యి చెయ్యి తగిలితే చాలు, ఉరుము శబ్దంతో అదే ముక్కను మూడు వైపుల నుంచి తిప్పి తిప్పి చూపిస్తారు.

కొరియావారిదంతా బంగారమని నేను అనను. దర్శకుడు కిమ్ క్యు-టేకు క్లోజప్‌ల మీద మోజు ఎక్కువ. తొలి భాగాల్లో అంతఃపురం చూడాలనిపించిన చోటల్లా ముక్కూ కళ్లే తెర నిండా ఉంటాయి. అయినా క్రతువు ఘట్టం దాకా దాటవేయకుండా చూడండి, ఎందుకంటే తొడుగు వెనుక అతడు పడ్డ అవమానాలు తెలియనివారికి అక్కడ కనబడేది మేకప్ ఒక్కటే.