3, 4, 5 తరగతులను హైస్కూల్లో కలపడం వల్ల పల్లె పిల్లలకు మేలు జరిగిందా?

మా ఊళ్లో జరగలేదు. మీ ఊళ్లో జరిగి ఉంటే సంతోషం.

మాది పల్నాడులో పత్తి, మిరప పండే ఊరు. మండల పరిషత్ బడి రామాలయం వెనకాల, జిల్లా పరిషత్ హైస్కూలు మెయిన్ రోడ్డుకు అవతల. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుంచి 117 జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులు అక్కడికి పోవాలి, సబ్జెక్టుకో టీచరు ఉంటారు అన్నారు. వినడానికి బాగుంది. ఆ కిలోమీటరు మధ్యలో లారీలు తిరిగే రోడ్డుందని ఎవరు చూశారు?

నా మేనల్లుడు ఆ ఏడే మూడో తరగతి. బడి తెరిచిన వారానికి, నేను ఇంట్లోంచి ఆఫీసు పని చేసుకుంటుంటే మధ్యాహ్నం ఫోను: "మీవాడు ఇంటికొచ్చాడా?" రాలేదు. మా చెల్లెలు పత్తి గింజలు పెట్టడానికి పోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. రోడ్డు పక్క కాలవలోకి చూస్తుంటే కాళ్లు వణికాయి.

చివరికి వాడు పాత బడి వరండాలో కంచం ఒళ్లో పెట్టుకుని పప్పన్నం తింటున్నాడు. వాడి పక్కన ఒకటో తరగతి చెల్లెలు. వంటామె నన్ను చూసి, "అక్కడ పెద్ద పిల్లలు లైన్లోంచి నెట్టేస్తున్నారంటయ్యా. గుడ్డులో పచ్చసొన తీసిపెట్టేవాళ్లూ లేరంట" అంది. పచ్చసొన కోసం ఒంటరిగా రోడ్డు దాటొచ్చాడు!

హైస్కూలుకెళ్లి గొడవపడ్డాను. అక్కడి సారు, "మూడొందల మందండీ. మరుగుదొడ్ల ఫొటోలు అప్‌లోడ్ చెయ్యనా, మీవాడి వెనకాల తిరగనా?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. గుడ్లు ఎన్నొచ్చాయి, ఎంతమంది తిన్నారు, అన్నీ ఫోన్లో ఎక్కించాలట. సిగ్నల్ కోసం మేడెక్కే సారును నేనే చూశాను. పాఠం ఎప్పుడు చెబుతారో మరి.

అసలు దెబ్బ తర్వాత పడింది. ఎలాగూ ఊరు దాటించాల్సిందే అయినప్పుడు గుమ్మం ముందుకొచ్చే పసుపు బస్సే నయం అనుకున్నారు జనం. మా వీధిలోనే నలుగురు పిల్లలు టై కట్టుకుని ప్రైవేటుకు ఎక్కేశారు. మిరప డబ్బులన్నీ ఫీజులకే. ఆ బస్సుకు డబ్బు కట్టడం చదువుకు కట్టినట్టేనని మనవాళ్ల నమ్మకం, అదో జబ్బు.

పాత పద్ధతి గొప్పదని అనను. నా చిన్నప్పుడు ఒక్క సారే ఐదు తరగతులూ చూసేవారు. రెండో తరగతికి ఎక్కాలు నేర్పింది నాలుగో తరగతిలో ఉన్న నేనే. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఆ రెండో మనిషిని వేస్తే సరిపోయేదానికి బడినే విడగొట్టారు. ఎనిమిదేళ్ల పిల్లాడికి బడి వాళ్లమ్మ కేకేస్తే వినపడేంత దూరంలో ఉండాలి. దీని మీద నాతో వాదించకండి.

2025లో ఆ జీవో తీసేశారు. మా పాత బడికి మూడు తరగతులూ తిరిగొచ్చాయి గానీ, బస్సెక్కిన పిల్లలు రాలేదు. మావాడు ఇప్పుడు ఆరో తరగతి, అదే హైస్కూలుకు సైకిల్ మీద పోతున్నాడు. పచ్చసొన ఇప్పటికీ తినడు.