త్రాంబిన్ కోత రక్తనాళపు లోపలి కణాలకు ఏం చెబుతుంది?

ప్రశ్న: గాయమైనప్పుడు త్రాంబిన్ లాంటి ప్రోటీన్లు రక్తాన్ని గడ్డకట్టిస్తాయని చదువుకున్నాను. అవే ప్రోటీన్లు రక్తనాళాల లోపలి పొర కణాలకు సంకేతాలు కూడా ఇస్తాయని ఈమధ్య తెలిసింది. ఒక ఎంజైమ్ కణానికి సంకేతం ఎలా ఇస్తుంది? అది మంచికా, చెడుకా?

జవాబు: కోసి ఇస్తుందండి. మంచికా చెడుకా అన్నది ఎక్కడ కోసింది, కోసేటప్పుడు పక్కన ఇంకేమున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్నేళ్లు ప్రయోగశాలలో ఈ కణాలను పెంచి, వాటి మీద త్రాంబిన్ వేసి ఏం జరుగుతుందో కొలిచే పనిలో ఉన్నాను. చూసినదీ చదివినదీ కలిపి చెబుతాను.

రక్తనాళాలన్నిటికీ లోపలి వైపున ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది. దాన్నే ఎండోథీలియం అంటారు. రక్తం తాకేది ఈ పొరనే. ప్రసవం తర్వాత తీసేసే బొడ్డుతాడులోని సిర నుంచి ఈ కణాలను వేరుచేసి పెంచే పద్ధతి 1973లో వచ్చింది, మేము వాడిందీ ఆ కణాలనే. పళ్లెం నిండా పెరిగాక మైక్రోస్కోపులో చూస్తే సందు లేకుండా పరిచిన బండల్లా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని ఉంటాయి. ఆ పొరకు అడుగున, పైన ఎలక్ట్రోడ్లు పెట్టి అది కరెంటుకు ఎంత అడ్డుపడుతోందో కొలిస్తే కణాల మధ్య అతుకులు ఎంత బిగుతుగా ఉన్నాయో తెలుస్తుంది.

ఇప్పుడు దాని మీద కొద్దిగా త్రాంబిన్ వేయండి. కొద్ది నిమిషాల్లోనే ఆ అడ్డును (రెసిస్టెన్స్) చూపే గీత కిందికి జారడం మొదలవుతుంది. మైక్రోస్కోపులో చూస్తే కణాలు ముడుచుకుని, వాటి మధ్య సందులు తెరుచుకుంటూ కనిపిస్తాయి. అక్కడ గడ్డకు దారాలయ్యే ఫైబ్రినోజెన్ లేదు, గాయం దగ్గర అతుక్కునే ప్లేట్‌లెట్లు లేవు, గడ్డకట్టడానికి రక్తమే లేదు. అయినా కణం కదిలింది! ఒకటి రెండు గంటలు గడిచేసరికి గీత మళ్లీ పైకి చేరుకుంటుంది, సందులు మూసుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా ఆ గీత మీద నుంచి నా చూపు తిప్పుకోలేకపోయేవాణ్ణి.

త్రాంబిన్‌కు బాగా తెలిసిన పని ఒకటే: కొన్ని ప్రోటీన్లను నిర్ణీతమైన చోట కోయడం. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ నుంచి చిన్న తునకలను కోసేస్తే, మిగిలిన భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ఫైబ్రిన్ దారాలవుతాయి. కణం మీద కూడా అది చేసేది కోయడమే. ఎవరిని కోస్తుందో 1991లో తేలింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షాన్ కాఫ్లిన్ బృందం, మానవ కణాల సందేశ ఆర్‌ఎన్‌ఏను కప్ప అండాల్లోకి ఎక్కించి, త్రాంబిన్‌కు స్పందించే శక్తి వాటికి ఏ జన్యువు వల్ల వస్తోందో వెతికి పట్టుకుంది. అలా దొరికిన రిసెప్టర్‌నే, అంటే కణం మీద ఉండి సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌నే, ఇప్పుడు పార్-1 (ఎంజైమ్ కోతతో చురుకయ్యే రిసెప్టర్) అంటున్నాం. తర్వాత పార్-2, పార్-3, పార్-4 కూడా బయటపడ్డాయి.

పార్-1 పనిచేసే తీరు నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. మామూలుగా హార్మోన్ లాంటిదేదో వచ్చి రిసెప్టర్‌కు అతుక్కుంటుంది, పనయ్యాక విడిపోతుంది. పార్-1 విషయంలో బయటి నుంచి వచ్చి అతుక్కునేదేమీ లేదు. దాని ఒక కొస కణం బయట, రక్తం వైపు ఉంటుంది. త్రాంబిన్ ఆ కొసను 41వ అమైనో ఆమ్లమైన ఆర్జినిన్ తర్వాత కోస్తుంది. కోత పడ్డాక బయటపడే కొత్త కొస సెరిన్, ఫినైల్ అలనిన్, లూసిన్, లూసిన్, ఆర్జినిన్, ఆస్పరజిన్ అన్న వరుసతో మొదలవుతుంది. అది వంగి వచ్చి అదే రిసెప్టర్‌లో కుదురుకుంటుంది. అంటే సంకేతం మొదటి నుంచీ రిసెప్టర్‌లోనే దాగి ఉంది, త్రాంబిన్ దాన్ని బయటపెట్టిందంతే.

ఇది ఊహ కాదని చెప్పడానికి రెండు తేలికైన ప్రయోగాలు చాలు. త్రాంబిన్‌లోని కోసే భాగాన్ని ఒక నిరోధకంతో మూసేసి వేస్తే కణం ఉలకదు. కాబట్టి త్రాంబిన్ ఉంటే చాలదు, అది కోయాలి. ఇక త్రాంబిన్ అసలు లేకుండా ఆ ఆరు అమైనో ఆమ్లాల ముక్కను మాత్రమే తయారుచేసి వేస్తే కణం స్పందిస్తుంది. ఈ రెండూ ఒకే పూట పక్కపక్కన చేసి చూస్తే ఎవరికైనా సంగతి అర్థమైపోతుంది.

తెగిన రిసెప్టర్‌ను మళ్లీ అతికించే వీలు లేదు. ఒకసారి పనిచేశాక కణం దాన్ని లోపలికి లాక్కుని, లైసోజోములనే సంచుల్లో అరగదీసేస్తుంది. మరి రెండోసారి త్రాంబిన్ వస్తే? ప్లేట్‌లెట్ గడ్డలో కలిసిపోయేదే కనుక దానికి ఆ అవసరం పెద్దగా ఉండదు. ఎండోథీలియల్ కణం బతికి కాపలా కాయాలి. అందుకే అది కోత పడని పార్-1ను లోపల నిల్వ ఉంచుకుని, పాతవి పోగానే పైకి పంపుతుంది.

కణం లోపల జరిగేది క్లుప్తంగా చెబుతాను. సంకేతాన్ని లోపలికి చేరవేసే పలురకాల జి-ప్రోటీన్లను పార్-1 కదిలిస్తుంది. ఒక దారిలో కణంలో కాల్షియం పెరుగుతుంది. ఇంకో దారిలో రో-ఎ అనే ప్రోటీన్ చురుకై, కణాన్ని ముడుచుకునేలా చేసే ఆక్టిన్, మయోసిన్ తంతువులు బిగుసుకుంటాయి. కణాలను పక్కపక్కన పట్టి ఉంచే విఇ-కాడెరిన్ అతుకులు సడలుతాయి. మేము చూసిన సందులు ఇవే. ఇంకోపక్క 1964లో వైబెల్, పలాడి అనే శాస్త్రవేత్తలు వర్ణించిన పొడవాటి సంచులు కణం లోపలి నుంచి ఉపరితలానికి చేరి తెరుచుకుంటాయి. వాటిలోని వాన్ విల్లెబ్రాండ్ ఫాక్టర్ ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది, పి-సెలెక్టిన్ తెల్లరక్తకణాలను ఆపుతుంది. గాయం దగ్గర ఇవన్నీ కావలసినవే.

ఇదంతా పళ్లెంలో కనిపించే విచిత్రమేనా, ఒంట్లో దీనికి విలువ ఉందా అని మీకు అనుమానం రావచ్చు. నాకు బాగా నమ్మకం కలిగించిన ఆధారం ఎలుకల నుంచి వచ్చింది. పార్-1 జన్యువు లేని ఎలుక పిండాల్లో దాదాపు సగం గర్భం మధ్యకాలంలోనే, రక్తస్రావంతో చనిపోతాయి. ప్లేట్‌లెట్లు పనిచేయకనేమో అనుకుందామంటే, ఎలుకల ప్లేట్‌లెట్లు త్రాంబిన్‌కు స్పందించడానికి పార్-1ను వాడవు, వాటికి ఉన్నవి పార్-3, పార్-4. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో పార్-1ను ఎండోథీలియల్ కణాల్లో మాత్రం తిరిగి పెడితే పిండాలు బతికాయి. అంటే రక్తనాళం సరిగ్గా ఎదగడానికే ఈ సంకేతం కావాలి. త్రాంబిన్‌ను గడ్డలు చేసే ఎంజైమ్‌గా మాత్రమే చూడటం అన్యాయమని నేను గట్టిగా అనేది ఇందుకే.

ఇక మీ చివరి ప్రశ్న, ఇది మంచికా చెడుకా అన్నది. ఎండోథీలియల్ కణం మీద త్రాంబోమాడ్యులిన్ అనే ఇంకో ప్రోటీన్ ఉంది. త్రాంబిన్ వచ్చి దానికి అతుక్కుంటే తీరు మారిపోతుంది. ఫైబ్రినోజెన్‌ను కోయడం మానేసి, రక్తంలోని ప్రోటీన్-సి అనే ఇంకో ప్రోటీన్‌ను కోసి చురుకు చేస్తుంది. ఆ కోత వేగం వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. చురుకైన ప్రోటీన్-సి గడ్డకట్టడాన్ని ఆపుతుందని పుస్తకాల్లో ఉంటుంది. దానికి రెండో పని కూడా ఉంది. కణం మీద తనకోసమే ఉన్న రిసెప్టర్‌ను ఆసరా చేసుకుని, అది కూడా పార్-1నే కోస్తుంది, కాకపోతే 46వ స్థానంలోని ఆర్జినిన్ దగ్గర. ఐదు అమైనో ఆమ్లాల తేడా, అంతే. కానీ ఈ కోత తర్వాత బయటపడే కొస వేరు, రిసెప్టర్ తీసుకునే రూపం వేరు. జి-ప్రోటీన్లకు బదులు బీటా-అరెస్టిన్ అనే ప్రోటీన్ ముందుకొస్తుంది, రో-ఎ స్థానంలో రాక్-1 (Rac1) అనే మరో ప్రోటీన్ చురుకవుతుంది, అతుకులు బిగుస్తాయి. పళ్లెంలో కణాలకు ముందుగా చురుకైన ప్రోటీన్-సి ఇచ్చి, కొన్ని గంటలాగి త్రాంబిన్ వేస్తే గీత అంతగా జారదు. అదే రిసెప్టర్, రెండు కోతలు, రెండు ఎదురుబొదురు ఫలితాలు. త్రాంబిన్ మోతాదు చాలా తక్కువగా ఉన్నప్పుడు కూడా పొర బిగుతు పెరగడం ప్రయోగశాలల్లో చూశారు.

ఈ జ్ఞానాన్ని మందుగా మార్చడం కష్టంగానే సాగింది. చురుకైన ప్రోటీన్-సిని తీవ్రమైన సెప్సిస్‌కు (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే స్థితికి) మందుగా 2001లో అమెరికాలో అనుమతించారు. తర్వాతి పెద్ద పరీక్షలో ప్రాణాలు కాపాడుతున్నట్టు తేలకపోవడంతో 2011లో వెనక్కి తీసుకున్నారు. రక్తస్రావం దానితో ఉన్న ముఖ్యమైన ప్రమాదం. అందుకే మూడు లైసిన్‌లను అలనిన్‌లుగా మార్చి, గడ్డను ఆపే గుణం బాగా తగ్గించి, కణాన్ని కాపాడే సంకేతాన్ని మిగిల్చిన రూపాన్ని తయారుచేసి పక్షవాతం రోగుల్లో పరీక్షించారు. నాకు ఈ దారి మీద ఆశ ఉంది. పార్-1నే మూసేసే వొరాపాక్సర్ అనే మందుకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది గుండెపోటు వచ్చినవాళ్లలో ప్లేట్‌లెట్లను ఆపడానికి. అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లకు దాన్ని ఇవ్వకూడదు, మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఇలా సంకేతాలిచ్చేది త్రాంబిన్ ఒక్కటే కాదు, గడ్డకట్టించే ఇతర ప్రోటీన్లూ ఉన్నాయి. టిష్యూ ఫాక్టర్‌తో కలిసిన ఏడో ఫాక్టర్ పార్-2ను కోస్తుంది, పదో ఫాక్టర్ పార్-1నూ పార్-2నూ కోయగలదు. ఫైబ్రిన్ కూడా కోత లేకుండానే విఇ-కాడెరిన్‌కు అతుక్కుని కణాన్ని కదిలిస్తుంది.

మీరు ఈ విషయం మీద పరిశోధన వ్యాసాలు చదవబోతుంటే రెండు సంగతులు చూసుకోండి. మొదటిది త్రాంబిన్ మోతాదు. రెండోది కణాలు సీరంలో ఉన్నాయా అన్నది. సీరం అంటేనే గడ్డకట్టాక మిగిలిన ద్రవం, అందులో త్రాంబిన్ జాడలు ఉండొచ్చు. మేము త్రాంబిన్ వేసే ముందు సీరం తీసేసి, కణాలను కాసేపు అలా ఉంచేవాళ్లం. ఆ వివరం ఇవ్వని వ్యాసంలో గీత ఎందుకు జారిందో, ఎందుకు జారలేదో తేల్చుకోవడం చాలా కష్టం.