ఓఎస్‌ఐ లాంటి పొరల నమూనాలు పరీక్షలు దాటాక నిజంగా పనికొస్తాయా?

మీ ప్రశ్న ఇది: డిప్లొమాలో ఓఎస్‌ఐ ఏడు పొరలు (కంప్యూటర్ నెట్‌వర్క్ పనిని కింద తీగ నుంచి పైన వాడే యాప్ దాకా ఏడు మెట్లుగా చూపే నమూనా) బట్టీ పట్టించారు, పెద్ద పెద్ద వ్యవస్థల్ని ఇలా పొరలుగా విడదీసి చూడటం నిజ జీవితంలో ఎక్కడైనా పనికొస్తుందా, లేక మార్కుల కోసమేనా? నాకైతే రెండు చోట్ల పనికొచ్చింది. ఒకటి ఉద్యోగంలో, రెండోది మా నాయన బత్తాయి తోటలో. ఎక్కువ నేర్పింది తోటే కాబట్టి దాని గురించే వివరంగా రాస్తాను.

ముందు ఉద్యోగం సంగతి. నేను నల్గొండలో ఫైబర్ ఇంటర్నెట్ మెయింటెనెన్స్ పని చేస్తాను. చేరిన కొత్తలో ఒక క్లినిక్ నుంచి పదేపదే కంప్లయింట్ వచ్చేది, నెట్ మధ్యమధ్యలో పోతోందని. మా ఆఫీసు వాళ్లు రెండుసార్లు రౌటర్ మార్చారు. మూడోసారి నేను వెళ్లి పవర్ మీటరు పెడితే ఫైబర్‌లో వచ్చే లైటు బలం మైనస్ 29 డీబీఎం చూపించింది (మైనస్ అంకె పెరిగిన కొద్దీ లైటు బలహీనం). ఆ బాక్సు మైనస్ 27 దాకానే తట్టుకుంటుంది. బీరువా వెనక ఫైబర్ మడత పడి ఉంది. దాన్ని సవరిస్తే మైనస్ 21కి వచ్చింది, అంతే. లోపం అట్టడుగు పొరలో ఉంటే మేము పై పొరలో సామాన్లు మారుస్తూ కూర్చున్నాం. దీనికి తలకిందులైన కేసులూ చూశాను. లైటు బాగుంటుంది, గూగుల్ సర్వరు 8.8.8.8కి పింగ్ (జవాబు వస్తుందా అని పంపే చిన్న పరీక్ష సందేశం) వెళ్తుంది, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోవు. అంటే కింది పొరలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కు. అందుకే నేను ఎప్పుడూ మధ్య నుంచి మొదలుపెడతాను. పింగ్ వెళ్తే పైకి చూస్తాను, వెళ్లకపోతే కిందికి. ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

పుస్తకంలో చెప్పని మాట ఒకటుంది. ఓఎస్‌ఐ ప్రమాణం వెలువడింది 1984లో. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అమెరికా నెట్‌వర్క్ అర్పానెట్ అప్పటికే, 1983 జనవరి 1న, ఇవాళ్టి ఇంటర్నెట్ నడిచే నియమాలైన టీసీపీ ఐపీకి మారిపోయింది. ఇవాళ మనం వాడే ఇంటర్నెట్‌లో ఆ ఏడు పొరలూ విడివిడిగా కనపడవు. అయినా ఫీల్డులో మేమంతా "లేయర్ వన్ చూశావా, లేయర్ త్రీ చూశావా" అనే మాట్లాడుకుంటాం. లేయర్ వన్ అంటే తీగ, లైటు; లేయర్ త్రీ అంటే అడ్రసు, దారి. నమూనా ఉన్నది ఉన్నట్టు బొమ్మ గీయకపోయినా ఫరవాలేదు. రెండు పొరలు కలిసే చోట మీటరు పెట్టి "ఇక్కడిదాకా బాగుంది" అని తేల్చుకోగలిగితే చాలు.

ఇప్పుడు తోట. మాది నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఊరు. కొన్నేళ్ల కింద ఏప్రిల్‌లో నాయన ఫోన్ చేసి, "చెట్లు వాడిపోతున్నయ్ బిడ్డా, పిందె రాలుతుంది. మోటర్ నడుస్తనే ఉంది, పైపుల బలం లేదు" అన్నాడు. నేను ఊరికి పోయేలోపే నలుగురు నాలుగు మాటలు చెప్పారు. ఎరువుల దుకాణంలో మందు రాసిచ్చారు. డ్రిప్ చూసే ఆయన పైపులు యాసిడ్‌తో కడగాలన్నాడు. బోరు మెకానిక్ మోటారు పైకి తీయాల్సిందే అన్నాడు. లైన్‌మన్‌ను అడిగితే లైన్‌లో ఏ లోపం లేదన్నాడు. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి తెలిసిన పొరలో వాళ్లు నిలబడి చూశారు.

పాత క్యాలెండర్ కాగితం వెనక గీయడం మొదలుపెట్టాను. అడుగున రాయి, అందులో నీళ్లు, దాని మీద బోరు, మోటారు, మెయిన్ పైపు, ఫిల్టరు, డ్రిప్పు పైపులు, వేర్లు, ఆకు. సగం గీశాక కరెంటును ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదు. అది నీళ్ల కింద పొర కాదు, పైన పొరా కాదు. దానిది వేరే వరస: సబ్‌స్టేషన్, 11 కేవీ ఫీడరు, ట్రాన్స్‌ఫార్మర్, సర్వీసు వైరు, స్టార్టర్. ఈ రెండు వరసలూ మోటారు దగ్గర కలుస్తాయి. అది కాగితం మీద కనపడగానే మీటరు ఎక్కడ పెట్టాలో తెలిసిపోయింది.

పగలు పదకొండు గంటలకు స్టార్టర్ దగ్గర వోల్టేజి చూస్తే ఫేజుకు ఫేజుకు మధ్య 340. ఉండాల్సింది 415. క్లాంప్ మీటరు పెడితే ఆంపియర్లు మోటారు ప్లేటు మీద రాసినదానికంటే ఎక్కువ. ఇది చాలామంది రైతులకు విచిత్రంగా అనిపిస్తుంది. వోల్టేజి తగ్గితే మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుంది అనుకుంటారు. మోటారు మీద బరువు అదే ఉంటుంది కాబట్టి అది ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కుతుంది, చివరికి వైండింగ్ కాలుతుంది. ఆ ఎండాకాలం మా చుట్టుపక్కల చాలా మోటార్లు కాలడానికి కారణం ఇదే. ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెషర్ చూశాను, పెద్ద తేడా లేదు. అంటే యాసిడ్ అవసరం లేదు.

రాత్రి పదకొండుకు మళ్లీ వెళ్లాను. వోల్టేజి 400, ధార బలంగా వచ్చింది. సమస్య తేలిపోయిందని సంతోషపడుతుండగానే యాభై నిమిషాలకు ధార తెగి, గాలి కొట్టడం మొదలైంది. కరెంటు సరిగ్గా ఉన్నా బోరులో నీళ్లు అంతవరకే. అంటే ఒకేసారి రెండు పొరల్లో రెండు లోపాలు. పగలు మొదటిది రెండోదాన్ని కప్పేస్తోంది. ఒక్క కారణం దొరకగానే వెతకడం ఆపేయడం ఎంత పొరపాటో ఆ రాత్రి తెలిసింది.

ముందు కరెంటు సంగతి చూశాం. మా ట్రాన్స్‌ఫార్మర్ 63 కేవీఏది. లెక్క ప్రకారం ఐదు హెచ్‌పీ మోటార్లు పది, పదకొండు నడవాలి. నాయనతో కలిసి పొలాలు తిరిగి లెక్కపెడితే పదహారు తేలాయి, అందులో కొన్ని ఏడున్నర హెచ్‌పీవి. దాదాపు అన్నింటికీ ఆటో స్టార్టర్లు. కరెంటు పోయి వచ్చిందంటే పదహారు మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యూజు ఎగిరిపోవడంలో వింత లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పారు. కానీ పక్కవాడు తీయకుండా నేనొక్కణ్నే తీస్తే నాకేం లాభం అని ఎవరికి వారు ఊరుకున్నారు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఈ కాగితం చూపించాం. వంతులు పెట్టుకున్నాం: ఇటు ఎనిమిది మోటార్లు ఒక పూట, అటు ఎనిమిది ఒక పూట. వోల్టేజి నిలబడటానికి మోటార్లకు కెపాసిటర్లు పెట్టించాం. అదనపు లోడుకు డీడీలు కట్టి రెండో ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నాం. దానికి కొన్ని నెలలు తిరగాల్సి వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. వోల్టేజి బాగుపడేసరికి అందరి మోటార్లూ నిండుగా లాగాయి. మరుసటి ఎండాకాలం బోర్లు ఇంకా ముందే తగ్గాయి. మేము బాగుచేసిన పొరే దాని కింది పొరను పిండేసింది. అప్పుడు కాగితం మీద బాణాలు గీయాల్సి వచ్చింది. నీళ్లు తగ్గితే రైతు మోటారును లోతుకు దించుతాడు, పెద్ద మోటారు కొంటాడు. దాంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పెరుగుతుంది, వోల్టేజి పడుతుంది, ధార తగ్గుతుంది. ధార తగ్గిందని ఇంకా ఎక్కువ గంటలు నడుపుతాడు, నీళ్లు ఇంకా తగ్గుతాయి. ఈ చక్రాన్ని ఒక్క పొరలో నిలబడి ఎవరూ చూడలేరు. మీ నెట్‌వర్క్ పుస్తకంలో పొరలు ఒకదాని వివరం ఒకదానికి తెలియకుండా పనిచేస్తాయని రాసి ఉంటుంది. నేలలో, కరెంటులో, మనుషుల్లో అలా ఉండదు. నమూనాను ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియాలంటే ఇదే గుర్తు: ఒక పొర బాగుచేసిన కొద్దీ ఇంకో పొరలో బాధ పెరుగుతోందా అని చూడాలి.

అన్నింటికీ అడుగున ఉన్న రాయి గురించి మా ఊళ్లో మాట్లాడటమే తక్కువ. మా దగ్గర గ్రానైటు. పైన మెత్తబడిన మొరం లాంటి పొర వాన నీళ్లను పట్టి ఉంచుతుంది. దాని కింద గట్టి రాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. నీళ్లు నిల్వ ఉండేది ఎక్కువగా పై పొరలో, పగుళ్లు దారులు మాత్రమే. ఎనిమిది వందల అడుగులు తవ్వినా పై పొర ఎండిపోతే లాభం తక్కువ. చెరువు నిండిన ఏడు మా బోర్లు వాటంతటవే లేచాయంటే కారణం ఇదే.

అదే రాయి మాకు ఇంకో బాధ కూడా పెట్టింది. గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. దానికి రుచి లేదు, రంగు లేదు. మా నాయనమ్మ నడుము వంగిపోయి గోడ పట్టుకుని నడిచేది. కింది పొరలో మార్పు జరిగిన ఎన్నో ఏళ్లకు గానీ అది పై పొరలో, ఎముకల్లో, కనిపించలేదు. ఒక్కో పొర కాలం ఒక్కో తీరు: వోల్టేజి క్షణాల్లో మారుతుంది, బోరు వారాల్లో, భూగర్భజలం ఏళ్లలో. కొలిచేటప్పుడు ఈ తేడా మర్చిపోతే మోసపోతాం.

నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) నీళ్లలోంచి ఫ్లోరైడు తీయడానికి 1970లలో తయారుచేసిన పద్ధతికి మా జిల్లా పేరే ఉంది, నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరనిచ్చి వడగడతారు. రసాయనం పరంగా అది పనిచేస్తుంది. కానీ ఆ ఊరి నీళ్లను బట్టి మోతాదు మార్చాలి, అడుగున పేరిన మడ్డి తీసి పారేయాలి, రోజూ చేసే మనిషి ఉండాలి. ఆ మనిషి పొరను కాగితం మీద గీయకపోతే మిగతా పొరలన్నీ సరిగ్గా ఉన్నా గ్లాసులోకి మంచినీళ్లు రావు. కృష్ణా నీళ్లు శుద్ధి చేసి నల్లాల్లో ఇవ్వడం నాకు సరైన దారి అనిపించేది అందుకే. అది ఆ రాయితో ఉన్న సంబంధాన్నే తెంచేస్తుంది. నల్లా రెండు రోజులు ఆగితే జనం మళ్లీ బోరు దగ్గరికి పోతారన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మీరు మొదలుపెట్టాలనుకుంటే మీ ఇంటి నీళ్ల మోటారుతోనే మొదలుపెట్టండి. ప్రతి పొర పక్కన మూడు గళ్లు గీయండి: దేనితో కొలుస్తాం, ఎన్నాళ్లకోసారి కొలుస్తాం, చెడితే ఎవరిని పిలుస్తాం. మూడో గడి ఖాళీగా ఉన్న పొర మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మా కాగితంలో అలా ఖాళీగా మిగిలింది భూగర్భజలమే. ఇప్పుడు నాయన ప్రతి ఆదివారం మోటారు వేసి, ధార తెగేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందో క్యాలెండరు మీద రాస్తున్నాడు. మొన్న ఫోన్లో డెబ్బై ఐదు అన్నాడు. పై చేనులో కొత్తగా ఇంకో బోరు వేస్తున్నారట, వచ్చే ఆదివారం అంకె కోసం చూస్తున్నాం.