ఐదుగురు కలిసి ఛానెల్ పెట్టేముందు

చి. సింధుకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వూ నీ స్నేహితులు నలుగురూ కలిసి మణికొండలో ఇల్లు అద్దెకు తీసుకుని యూట్యూబ్ ఛానెల్ పెడుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను చెబితే మానేస్తావని అక్కయ్య ఆశ. మానమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఉద్యోగాలూ పెళ్లిళ్లూ అయ్యాక ఇలాంటి పనికి ఎవరికీ తీరిక దొరకదు, చేస్తే ఇప్పుడే చేయాలి. కాకపోతే ఆడిటర్‌గా నా దగ్గరికి వచ్చే ఛానెళ్ల వాళ్లను చూసీ చూసీ ఒక సంగతి నాకు బాగా అర్థమైంది. వ్యూస్ రాక మూసేసుకున్నవాళ్లు తర్వాత కూడా స్నేహితులుగానే ఉంటున్నారు. డబ్బులు రావడం మొదలయ్యాకే గొడవలు వస్తున్నాయి. అందుకని, విడిపోవాల్సి వస్తే ఎలా విడిపోతారో కలిసిన రోజే రాసుకోండి.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో మాగ్‌కాన్ అని ఒక బృందం ఉండేది, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. 2013 జనవరిలో ట్విటర్ వాళ్లు వైన్ అనే యాప్ విడుదల చేశారు. అందులో వీడియో ఆరు సెకన్లే, అయిపోగానే మళ్లీ మొదటికి వస్తుంది. నార్త్ కరోలినా నుంచి నాష్ గ్రియర్, కాలిఫోర్నియా నుంచి కామెరాన్ డాలస్, ఒమాహా ఊరి నుంచి జాక్ అనే పేరున్న ఇద్దరు స్నేహితులు, కెనడా నుంచి గిటార్ వాయిస్తూ పాడే షాన్ మెండెస్, ఇలా ఇంట్లో కూర్చుని ఫోన్‌తో వీడియోలు తీసిన కుర్రాళ్లకు లక్షల్లో అభిమానులు తయారయ్యారు. బార్ట్ బోర్డెలాన్ అనే నిర్వాహకుడు ఆ ఏడాదే వాళ్లను మాగ్‌కాన్ పేరుతో ఒకచోట చేర్చి ఊరూరా తిప్పాడు. టికెట్ కొనుక్కుని వచ్చిన ఆడపిల్లలు క్యూలో నిలబడి ఒక కౌగిలింత, ఒక ఫొటో తీసుకుని మురిసిపోయేవాళ్లు. వేదిక మీద కాసేపు డాన్సులూ ఆటలూ పాటలూ ఉండేవి. అసలు సరుకు మాత్రం ఆ ఫొటోనే.

2014లోనే ముఖ్యమైనవాళ్లు ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయారు. 2016లో కామెరాన్ డాలస్ ముందుండి ఆ పేరును మళ్లీ లేపాడు, ఆ డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ కూడా వచ్చింది. కానీ మొదటి ఊపు తిరిగి రాలేదు. ఆలోచించు, అంత జనం వచ్చింది మాగ్‌కాన్ కోసం కాదు, ఫలానా అబ్బాయి కోసం. ఆ అబ్బాయి రాకపోతే పేరొక్కటే మిగిలింది.

షాన్ మెండెస్ సంగతి వేరు. అతను 2014లో ఐలాండ్ రికార్డ్స్ అనే పాటల కంపెనీతో ఒప్పందం చేసుకుని పాటలవైపు వెళ్లాడు, వైన్ పేరే వినని వాళ్లు కూడా అతని పాటలు విన్నారు. పాట ఎక్కడైనా పాడుకోవచ్చు కదా. నీ దగ్గరున్నది మాటలు రాసే చెయ్యి. మీ నాయనమ్మ గుంటూరు యాసను నువ్వు పట్టుకున్నంత బాగా పట్టుకున్నవాళ్లు మన ఇంట్లో ఎవరూ లేరు, ఇది ముద్దుకు అంటున్న మాట కాదు. ఐదుగురి ఛానెల్‌కు రాస్తూనే నెలకొకటైనా నీ సొంత పేరు మీద ఏదైనా రాసి పెట్టుకో. ప్రతి స్క్రిప్టూ తారీఖుతో నీ మెయిల్‌లో ఉండాలి.

వైన్ కథ కూడా విను, అక్కడ తప్పు పిల్లలది కాదు. ఆ యాప్ ప్రకటనల డబ్బులో వాటా ఏమీ ఇచ్చేది కాదు, కంపెనీలు స్పాన్సర్ చేస్తే వచ్చిందే రాబడి. 2013 జూన్‌లో ఇన్‌స్టాగ్రామ్ 15 సెకన్ల వీడియో తెచ్చింది. 2015లో లాస్ ఏంజిలిస్‌లో వైన్‌లో బాగా పేరున్న దాదాపు 18 మంది కంపెనీ వాళ్లను కూర్చోబెట్టి, మనిషికి 12 లక్షల డాలర్లు ఇస్తే నెలకు 12 వీడియోలు చొప్పున చేస్తామన్నారు. కంపెనీ ఒప్పుకోలేదు, వాళ్లూ వేరే చోట్లకు తరలిపోయారు. 2017 జనవరిలో వైన్ మూతపడింది. మన దగ్గర 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మన పల్లెల్లో ఎంతమంది పిల్లలు ఉన్నట్టుండి సున్నా దగ్గరికి వచ్చారో నువ్వే చూశావు. వీడియోల ఒరిజినల్ ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, రెండూ ఒకే ఇంట్లో వద్దు.

ఇక డబ్బు సంగతి. కిందటేడాది నలుగురు కుర్రాళ్ల బృందంలోంచి ఒకడు మా ఆఫీసుకు వచ్చాడు. ఛానెల్ ఇంకొకడి జీమెయిల్ మీద ఉంది, ప్రకటనల డబ్బు వచ్చే ఆడ్‌సెన్స్ ఖాతా కూడా ఆ ఇంకొకడి పాన్ మీదే ఉంది. మాటా మాటా పెరిగి ఒక రాత్రి పాస్‌వర్డ్ మారిపోయింది. నీ వాటా ఎంతని అడిగితే ఫోన్‌పే హిస్టరీ తెరిచి చూపించాడు. ఒక నెల 7,000, ఇంకో నెల 3,500, తర్వాత రెండు నెలలు ఏమీ లేదు. ఏ నెల లెక్క, ఎంత శాతం అని ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఎడిటింగంతా చేసింది ఆ పిల్లాడే. చేతిలో కాగితం లేకుండా నేనేం చేయగలను? అవతలి అబ్బాయికీ సుఖం లేదు, మొత్తం రాబడి అతని పేరునే వచ్చింది కాబట్టి పన్ను లెక్క అతని నెత్తినే పడింది.

స్నేహితుల మధ్య కాగితాలేంటి మామయ్యా అంటావు. అన్నదమ్ములు పొలం పంచుకుంటే రిజిస్టర్ చేయించుకోవడం లేదూ? మన పార్ట్‌నర్‌షిప్ చట్టం 1932 నాటిది. ఒప్పందంలో వాటాలు రాసుకోకపోతే లాభం అందరికీ సమానం అంటుంది అది. రాత్రంతా ఎడిట్ చేసినవాడికీ, వారానికోసారి వచ్చి కెమెరా ముందు నిలబడి పోయేవాడికీ ఒకటే. మీకు సమానమే ఇష్టమైతే మంచిదే, అదే రాయండి. ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించండి, చేయించకపోతే వాటా కోసం కోర్టుకు వెళ్లాలన్నా అడ్డంకే. ఫర్మ్ పేరున పాన్, కరెంట్ అకౌంట్ తీసుకుని ఆడ్‌సెన్స్ డబ్బు అందులోకే వచ్చేలా పెట్టండి. ఛానెల్‌ను ఒక్కరి జీమెయిల్‌కు కట్టేయకుండా, పలువురు నడపగలిగే బ్రాండ్ అకౌంట్ చేసి కనీసం ఇద్దరిని ఓనర్లుగా ఉంచండి. కంపెనీలు పంపే ఫోన్లూ కెమెరాలూ ఎవరి దగ్గర ఉంటాయో కూడా రాసుకోండి. ఒక కంపెనీ ఇచ్చినవాటి విలువ ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) ఉంటుంది, అది ఎవరి పాన్ మీద పడుతుందో ముందే తెలియాలి.

డీడ్‌లో, అంటే మీరు రాసుకునే ఆ భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, అన్నిటికంటే ముఖ్యమైనది బయటికి వెళ్లే మనిషి గురించిన పేరా. అమెరికాలోనే అవర్ సెకండ్ లైఫ్ అని కుర్రాళ్ల బృందం ఒకటి ఉమ్మడి ఛానెల్ నడిపేది, వారంలో ఒక్కో రోజు ఒక్కొక్కరి వీడియో. 2014 జులైలో కానర్ ఫ్రాంటా బయటికి వచ్చేశాడు, ఆ ఏడాది చివరికల్లా బృందమే ముగిసింది. అయినా వీధిన పడలేదు, ఎవరి సొంత ఛానెల్ వాళ్లకు ముందునుంచే ఉంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. అదే 2019 డిసెంబర్‌లో మొదలైన హైప్ హౌస్ అనే టిక్‌టాక్ పిల్లల బృందాన్ని చూడు, కొన్ని నెలలకే డేజీ కీచ్ అనే అమ్మాయి బయటికి వచ్చింది. తానూ వ్యవస్థాపకురాలినేనని ఆమె వాదన, ఆ పేరు ఎవరిదనే తగువు ట్రేడ్‌మార్క్ దాకా పోయింది. కాబట్టి పేరు ఎవరికి మిగులుతుంది, పాత వీడియోల మీద వచ్చే డబ్బులో వెళ్లినవాళ్లకు ఎన్నాళ్లు వాటా ఉంటుంది, వాళ్ల ముఖం ఉన్న వీడియోలు తీసేయమంటే తీసేస్తారా, ఈ మూడూ రాయకుండా సంతకం పెట్టకు.

ఇంకొక్కటి, మేనమామగా చెప్పాల్సింది. వ్యూస్ కోసం నిన్నూ ఇంకో అబ్బాయినీ జంటగా చూపిద్దామని ఎవరో ఒకరు అంటారు. తంబ్‌నెయిల్‌లో లవ్ సింబల్ పెడితే క్లిక్‌లు వస్తాయి, నిజమే. ఆ తర్వాత కామెంట్లన్నీ అదే అడుగుతాయి, మానేద్దామన్నా జనం మాననివ్వరు. ఇష్టం లేకపోతే మొదటిరోజే వద్దని చెప్పు. అమ్మ ఏమంటుందో అని కాదు, నీ పేరు నీ చేతిలో ఉండాలని.

డీడ్ నమూనా ఒకటి వాట్సాప్‌లో పంపుతున్నాను. ఐదుగురూ కూర్చుని ఖాళీలు నింపి, స్టాంప్ పేపర్ మీద ఎక్కించకముందు నాకు చూపించండి. ఇంటి అడ్వాన్స్ ఎవరెవరు ఎంతెంత వేసుకున్నారో ఈ ఆదివారంలోగా రాసి పంపు. ఓనరు దగ్గర రసీదు ఐదుగురి పేర్లతో తీసుకోండి.

మీ మామయ్య